టైసన్ 30 మిలియన్ల పర్సులో చేతికి ఎంత వచ్చేది? హెవీవెయిట్ లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి

కార్నర్‌స్టూల్ (ప్రశ్న)

మైక్ టైసన్ కెరీర్ మొత్తం సంపాదన 300 మిలియన్ డాలర్లని కొందరు, 400 అని కొందరు రాస్తుంటారు. 2003 ఆగస్టులో ఐపీ పెట్టాడు. ఎక్కడ చదివినా పులులు, గొలుసులు, కార్ల కథే. 2022లో మన తెలుగు సినిమాలో కనిపించినప్పట్నించీ వాట్సాప్‌లో "టైసన్ నేర్పే జీవిత పాఠాలు" కూడా మొదలయ్యాయి. అవి వద్దు. నాకు కావాల్సింది లెక్క.

1. 1996 నవంబరు 9న లాస్ వేగస్‌లో హోలీఫీల్డ్‌తో మొదటి ఫైట్‌. టైసన్ పర్సు (ఫైట్‌కు ఇచ్చే మొత్తం) 30 మిలియన్లు, హోలీఫీల్డ్‌ది 11 మిలియన్లు అంటారు. ఆ 30లో టైసన్ బ్యాంకు ఖాతాలో చివరికి ఎంత మిగిలి ఉండాలి? ఎవరెవరికి, ఏ వరసలో పోతుంది?
2. ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్ డాన్ కింగ్ నిజంగానే అంత తిన్నాడా, లేక డబ్బు పోగొట్టుకున్నవాడు ఎవరో ఒకరి మీద తోస్తున్నాడా?
3. ఇప్పటి హెవీవెయిట్లకు కూడా ఇదే పద్ధతా?

పదో_రౌండ్

పేపర్లో వచ్చే పర్సు గ్రాస్, అంటే కోతలేవీ పడని మొత్తం. రాష్ట్రంలో ఫైట్లను నియంత్రించే అథ్లెటిక్ కమిషన్ దగ్గర దాఖలు చేసే ఫైట్ కాంట్రాక్టులో ఉండే అంకె అది. కమిషన్ పని చెక్కు ఆ అంకెకు వచ్చిందా లేదా చూడటం వరకే. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారుతుందో దానికి పట్టదు.

అమెరికాలో బాక్సర్ ఎవరి ఉద్యోగీ కాడు, సొంత వ్యాపారం చేసుకునేవాడి కిందే లెక్క. ప్రమోటర్ చెక్కిచ్చి, సంవత్సరం చివర 1099 అనే ఫారం పంపుతాడు. అమెరికా వాడైతే మూలంలో పన్ను కోత ఉండదు. ఇది గుర్తు పెట్టుకోండి, గొడవంతా తర్వాత ఇక్కడే వస్తుంది.

ఇక వాటాలు. మేనేజర్‌కు న్యూయార్క్, నెవాడా లాంటి చోట్ల గరిష్ఠంగా మూడో వంతు, అంటే 33⅓%. ట్రైనర్‌కు వాడుక ప్రకారం 10%. రౌండ్ల మధ్య గాయాలు, వాపులు చూసే కట్‌మన్‌కు 2 నుంచి 3%, పర్సు మరీ పెద్దదైతే ఒక మొత్తం మాట్లాడుకుంటారు. టైటిల్ ఫైట్ అయితే బెల్టు ఇచ్చే సంస్థకు శాంక్షన్ ఫీజు, మామూలుగా 3% చుట్టూ, పెద్ద పర్సులకు బేరమాడి పరిమితి పెట్టించుకుంటారు. ఆపైన క్యాంపు: స్పారింగ్ భాగస్వాములకు వారం జీతాలు, వాళ్ల బస, తిండి, విమానం టికెట్లు.

చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. మేనేజర్ వాటా తీసేశాక మిగిలిన దాంట్లో ట్రైనర్‌కు 10% అనుకుంటారు. కాదు. కాంట్రాక్టులో వేరేగా రాసుకోకపోతే ప్రతి శాతమూ పైనున్న గ్రాస్ మీదే. మేనేజర్ 33, ట్రైనర్ 10, కట్‌మన్ 2, శాంక్షన్ 3 కలిపితే 48. పన్ను ఇంకా మొదలుకానే లేదు, సగం అయిపోయింది.

ఇప్పుడు 1996 టైసన్. 1998లో కింగ్ మీద వేసిన దావాతో బయటికొచ్చిన లెక్క ఇది: పర్సులో కింగ్‌కు 30%, మేనేజర్లుగా ఉన్న జాన్ హార్న్, రోరీ హాలోవేలకు కలిపి 20%. ఆ శాతాలతో 30 మిలియన్లను విడగొడితే:

కింగ్ 9.0
హార్న్, హాలోవే 6.0
ట్రైనర్, వాడుక ప్రకారం 10% అనుకుంటే 3.0
శాంక్షన్ ఫీజు 3% అనుకుంటే 0.9
క్యాంపు ఖర్చు ఉజ్జాయింపుగా 0.3

మిగిలింది 10.8. ఇదంతా ఖర్చు కింద చూపించుకోవచ్చు కాబట్టి పన్ను 10.8 మీదే. ఆ రోజుల్లో ఫెడరల్ పై శ్లాబు 39.6%. మెడికేర్ పన్ను సొంత వ్యాపారికి 2.9%, 1994 నుంచి దానికి పైపరిమితి లేదు. రెండూ కలిపి నాలుగున్నర మిలియన్లు. చేతికి 6.3. ఫైట్ జరిగిన నెవాడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ ఒహాయో లాంటి రాష్ట్రంలో నివాసం ఉంటే, సంపాదన ఎక్కడిదైనా ఆ రాష్ట్రం తన వాటా అడుగుతుంది. ఇంకో అర మిలియన్‌కు పైనే తీసేయండి.

అంటే 30కి 6 లోపు. ట్రైనర్‌కు 10% కాకుండా చిన్న మొత్తం ఇచ్చి ఉంటే ఇంకో మిలియన్, మిలియన్నర కలుస్తుంది. అంతకు మించి తేడా రాదు.

రెండో ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. మేనేజర్‌కు మూడో వంతు ఇవ్వడం ఆ రంగంలో మామూలే, దాన్ని తప్పు పట్టను. ప్రమోటర్ పర్సులో వాటా తీసుకోవడం మాత్రం మామూలు కాదు. ప్రమోటర్‌కు రాబడి టికెట్లు, పే-పర్-వ్యూ (ఇంట్లో డబ్బు కట్టి చూసే టీవీ ప్రసారం), వేదిక ఇచ్చే సైట్ ఫీజు, విదేశీ ప్రసార హక్కుల నుంచి వస్తుంది. బాక్సర్‌కు ఇచ్చే పర్సు అతనికి ఖర్చు. ఆ ఖర్చులోంచే మళ్లీ 30% వెనక్కి తీసుకుంటే 30 మిలియన్లకు ఒప్పుకున్న ఫైటర్ అతనికి నిజంగా 21కే పడ్డట్టు. పైగా మేనేజర్లు ప్రమోటర్ మనుషులే అయితే ఇంకా ఎక్కువ అడిగే నాథుడెవరు?

పద్దుపుస్తకం

పైన చెప్పిన లెక్కతో పేచీ లేదు. పన్ను దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే 2003 అప్పుల చిట్టాలో అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు సుమారు 13.4 మిలియన్లు, బ్రిటన్ పన్ను శాఖకు 4 మిలియన్లు.

బ్రిటన్‌కి ఎందుకంటారా? 2000లో టైసన్ అక్కడ రెండుసార్లు ఆడాడు. జనవరిలో మాంచెస్టర్‌లో జూలియస్ ఫ్రాన్సిస్‌తో, జూన్‌లో గ్లాస్గోలో లూ సవారీస్‌తో. విదేశీ క్రీడాకారుడు అక్కడ సంపాదించిన దానికి అక్కడే పన్ను పడుతుంది. అమెరికాలో దానికి క్రెడిట్ దొరుకుతుంది, కానీ ముందు అక్కడ కట్టి రశీదు చూపించాలి. అక్కడా కట్టక, ఇక్కడా కట్టకపోతే రెండు చోట్లా వడ్డీ పెరుగుతూ పోతుంది.

అమెరికాలో సొంత వ్యాపారి నాలుగు విడతల్లో అంచనా పన్ను కట్టాలి: ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, ఆ తర్వాతి జనవరి 15. మన దగ్గర అడ్వాన్స్ ట్యాక్స్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. నవంబరులో ఫైట్ అయితే జనవరి 15కే మిలియన్లలో చెక్కు రాయాలి. ఆ రెండు నెలలూ ఖాతాలో 10 మిలియన్లు కనిపిస్తాయి. అందులో నాలుగున్నర ప్రభుత్వానిది. కట్టాల్సిన రోజుకు అది కరిగిపోతే మిగిలిన దారి తర్వాతి ఫైట్ మీద అడ్వాన్సు తీసుకోవడమే. ఆ అడ్వాన్సు తర్వాతి పర్సులోంచి కోత. ఆ పర్సు మీద పన్ను మాత్రం పూర్తి మొత్తానికి. ఒక్కసారి ఈ చక్రంలో పడితే ప్రతి ఫైటూ పాత బాకీ తీర్చడానికే ఆడాలి.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ రాయరు. 1997 జూన్ 28న హోలీఫీల్డ్ చెవి కొరికినందుకు నెవాడా కమిషన్ వేసిన జరిమానా 3 మిలియన్లు. 30 మిలియన్ల పర్సులో 10%, చట్టం ప్రకారం అప్పటికి వేయగలిగిన గరిష్ఠం. ప్రభుత్వ సంస్థకు కట్టే జరిమానాను వ్యాపార ఖర్చుగా చూపించడం కుదరదు. పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచి 3 మిలియన్లు తీయాలంటే, ఆ శ్లాబులో 5 మిలియన్లు సంపాదించాలి. దాంతోపాటే లైసెన్సు రద్దు, మళ్లీ వచ్చింది 1998 అక్టోబరులో. ఏడాదికి పైగా బాక్సింగ్ రాబడి సున్నా.

ఇది టైసన్‌తో మొదలైన జబ్బు కాదు. జో లూయిస్ సంగతి చూడండి. 1937 నుంచి 1949 దాకా చాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1942 జనవరిలో బడ్డీ బేర్‌తో ఫైట్ పర్సు నేవీ సహాయ నిధికి, మార్చిలో ఏబ్ సైమన్‌తో ఫైట్ పర్సు ఆర్మీ నిధికి ఇచ్చేశాడు. తర్వాత పన్ను శాఖ అవీ అతని ఆదాయమేనని లెక్కేసిందని అతని జీవితం రాసినవాళ్లు చెబుతారు. యుద్ధమంతా సైన్యంలో ఉన్నాడు, సంపాదన లేదు. ఖర్చులకు మేనేజర్ల దగ్గర, ప్రమోటర్ మైక్ జేకబ్స్ దగ్గర అప్పులు. 1946 జూన్‌లో బిల్లీ కాన్‌తో రెండో ఫైట్, పర్సు 6 లక్షల డాలర్ల పైనే. అప్పుడు పై శ్లాబు 80 శాతానికి పైన! పాత అప్పులు తీర్చాడు, పన్ను మిగిలిపోయింది. 1950 నాటికి బాకీ 5 లక్షలు దాటింది. ఆ బాకీ కోసమే రిటైర్మెంట్ వదిలి మళ్లీ దిగాడు, 1951 అక్టోబరులో రాకీ మార్సియానో చేతిలో ఓడి ఆగిపోయాడు. కెరీర్ పర్సులన్నీ కలిపి సుమారు 4.6 మిలియన్లని, అతనికి దక్కింది 8 లక్షలని ఎక్కువగా చెప్పే లెక్క.

నాలుగేళ్లు ఏమీ లేకుండా ఒక్క ఏడాదిలో అంతా వచ్చేవాడికి ఏడాది లెక్కన పన్ను వేస్తే ఇలాగే ఉంటుంది. 1964లో కాంగ్రెస్ ఆదాయాన్ని కొన్నేళ్ల మీద సగటు చేసుకునే వీలిచ్చింది, లూయిస్‌కు అది ఆలస్యం. 1986 పన్ను సంస్కరణలో దాన్ని ఎత్తేశారు. సరిగ్గా టైసన్ చాంపియన్ అయిన ఏడాది.

బెల్_మోగింది

ఇద్దరూ కాంట్రాక్టు, పన్ను అంటూ మనిషిని పూర్తిగా ఒడ్డున పడేస్తున్నారు. ఖర్చు కూడా చూడాలి కదా. దివాలా సమయంలో బయటికొచ్చిన లెక్కలు పత్రికల్లో వచ్చాయి. 1995 నుంచి 1997 మధ్య లాయర్లకు 9 మిలియన్లు. సెల్‌ఫోన్లు, పేజర్లకు 2,30,000. ఒక పుట్టినరోజు పార్టీకి 4,10,000. 2002 డిసెంబరులో లాస్ వేగస్‌లో కొన్న వజ్రాల గొలుసు 1,73,706 డాలర్లు, డబ్బు కట్టకుండానే మెడలో వేసుకున్నాడు. విడాకుల ఒప్పందం కింద మాజీ భార్యకు మిలియన్లు వేరే.

ఇళ్ల సంగతి వదిలేశారు. కనెక్టికట్‌లోని ఫార్మింగ్టన్‌లో 52 గదుల ఇల్లు 1996లో 2.8 మిలియన్లకు కొన్నాడు. 2003లో అది ర్యాపర్ 50 సెంట్‌కు 4.1 మిలియన్లకు పోయింది. కొన్న ధర కంటే ఎక్కువే కదా, లాభం కదా అనకండి. అలాంటి ఇంటికి ఆస్తి పన్ను, తాపన ఖర్చు, పనివాళ్లు, బీమా, ఇవే మనిషిని తినేస్తాయి. ఆ 50 సెంట్ కూడా 2015లో దివాలాకే వెళ్లాడు, ఇల్లు 2019లో 2.9 మిలియన్లకు అమ్మాడు. హోలీఫీల్డ్‌దీ అదే దారి. జార్జియాలో 109 గదుల భవనం, 2012లో వేలంలో 7.5 మిలియన్లకు పోయింది. అతన్ని కింగ్ ముంచాడని ఎవరూ అనలేదే?

పదో_రౌండ్

పార్టీకి 4,10,000, గొలుసుకు 1,73,706, ఫోన్లకు 2,30,000. మూడూ కలిపినా 8,13,706. ఒక్క 1996 నవంబరు ఫైట్‌లో దావా లెక్క ప్రకారం కింగ్, ఇద్దరు మేనేజర్ల వాటా 15 మిలియన్లు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెడితే ఎలా? లాయర్ల 9 మిలియన్ల మాట మాత్రం ఒప్పుకుంటా, అది పెద్ద చిల్లే.

హోలీఫీల్డ్ పోలిక బాగుంది. అక్కడ ఇల్లే ముంచింది. ఇక్కడ ఇల్లు చివర్లో వచ్చింది.

కార్నర్‌స్టూల్

చాలా ఉపయోగం. ఇంకో సందేహం. కింగ్ రాకముందు మొదటి మేనేజర్లు జేకబ్స్, కేటన్ ఉన్న రోజుల్లో లెక్క ఎలా ఉండేది? వాళ్లని అందరూ పొగుడుతారు. టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిపోవడానికీ ఈ మార్పులకూ సంబంధం ఉందా?

కాట్‌స్కిల్_జిమ్

ఉంది. అది డబ్బు లెక్క కన్నా నాకు ముఖ్యం.

జిమ్ జేకబ్స్, బిల్ కేటన్ ఇద్దరికీ పాత ఫైట్ ఫిల్ముల భారీ సేకరణ ఉండేది. అది వ్యాపారం కాబట్టి టీవీ వాళ్లకు ఏం కావాలో తెలుసు. టైసన్ 1985 మార్చి 6న ఆల్బనీలో హెక్టర్ మెర్సెడెస్ మీద మొదటి ఫైట్ ఆడాడు. పర్సు 500 డాలర్లని చెబుతారు. ఆ ఏడాదే 15 ఫైట్లు, 1986లో 13. ఎందుకంత తొందర? ఒకటి, ఫస్ట్ రౌండ్‌లో అయిపోయే ఫైట్ ఒంటికి పెద్ద దెబ్బ కాదు. తొలి 28లో 16 మొదటి రౌండ్‌లోనే ముగిశాయి, మిచ్ గ్రీన్, జేమ్స్ టిల్లిస్‌లతో తప్ప పూర్తి రౌండ్లు పోలేదు. రెండు, ప్రతి నాకౌట్‌నూ వీడియో టేపులో ఎక్కించి స్పోర్ట్స్ ఎడిటర్లకు పంపేవాళ్లు. ఒలింపిక్స్ పతకం లేని కుర్రాడికి పేరు తెచ్చింది ఆ టేపులే. 1986 నవంబరు 22న ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లో కూల్చేసరికి వయసు 20 ఏళ్ల 4 నెలలు.

వాళ్ల వాటా పూర్తి మూడో వంతు. తక్కువేం కాదు. కానీ వాళ్లు మేనేజర్లు, ప్రమోటర్లు వేరు. పర్సు పెరిగితేనే వాళ్ల వాటా పెరిగేది, అదీ తేడా. జేకబ్స్ 1988 మార్చిలో చనిపోయాడు. ఆ జూన్ 27న అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించాడు, టైసన్ పర్సు 20 మిలియన్ల పైనే. జూలైలో కేటన్‌తో రాజీ: 33⅓% కాస్తా 20% అయింది. మేనేజర్ వాటా తగ్గింది అని అప్పుడు సంబరపడ్డారు. ఆ సందులోంచి వచ్చింది కింగ్.

ఆ ఏడాది చివర్లోనే ట్రైనర్ కెవిన్ రూనీని తీసేశారు. రూనీ తర్వాత కోర్టుకెళ్లి 4.4 మిలియన్లు గెలుచుకున్నాడు, అది ఇంకో పద్దు.

ఇక రింగులో ఏం మారిందో చూద్దాం. టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, రీచ్ (రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు) 71 అంగుళాలు. బస్టర్ డగ్లస్ రీచ్ 83. పన్నెండు అంగుళాల తేడా. టైసన్ గురువు కస్ డమాటో నేర్పిన పీకబూ పద్ధతి ఈ తేడాను దాటడానికే. రెండు గ్లవ్స్ చెంపల దగ్గర, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, తల ఎప్పుడూ కదులుతూ ఉండాలి. కుడికి, ఎడమకు, కిందికి. ఎదుటివాడి జాబ్ (ముందు చేత్తో విసిరే సూటి దెబ్బ) తప్పిన క్షణంలో అడుగు పక్కకు వేసి, ఆ కోణం నుంచి రెండు మూడు దెబ్బలు వరసగా. దీనికి రెండు సాధనాలు. తాడుకు వేలాడదీసిన చిన్న ఇసుక సంచి అటూ ఇటూ ఊగుతుంటే తల తగలకుండా తప్పించడం ఒకటి. పరుపుల్లాంటి మెత్తలు చుట్టిన బస్తా మీద అంకెలు వేసి, ట్రైనర్ అంకె పిలవగానే ఆ చోట కొట్టడం రెండోది. రూనీ ఫైట్‌లో కూడా కార్నర్ నుంచి అంకెలే అరిచేవాడు.

ఈ పద్ధతికి ఉన్న లోపం ఏమిటంటే, ఇది పూర్తిగా నడుము, తొడల దమ్ము మీద ఆధారపడింది. తల కదలడం ఒక్క రౌండ్ మానేస్తే 5 అడుగుల 10 అంగుళాల మనిషి 6 అడుగుల 3 అంగుళాల వాడి జాబ్‌కు సరిగ్గా ఎదురుగా నిలబడ్డట్టే. 1990 ఫిబ్రవరి 11, టోక్యో. టైసన్ బరువు 220 పౌండ్ల చుట్టే, అంటే లావెక్కలేదు. అయినా తల కదల్లేదు, కాంబినేషన్లు పోయి ఒక్కో దెబ్బకు దిగాడు. డగ్లస్ జాబ్ రౌండ్ రౌండ్‌కూ అదే కంటి మీద పడింది.

ఆ రాత్రి కార్నర్ సంగతి చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కన్ను వాస్తే నొక్కడానికి ఎండ్‌స్వెల్ అనే చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. ఐసులో పెట్టి చల్లబరిచి, వాపు మీద గట్టిగా నొక్కి పట్టి ఉంచాలి, చర్మం కింద రక్తం చేరకుండా. రుద్దకూడదు, రుద్దితే వాపు పెరుగుతుంది, చర్మం చిట్లుతుంది. టైసన్ కార్నర్‌లో ఆ బిళ్లే లేదు. రబ్బరు తొడుగులో చల్లటి నీళ్లు పోసి, ముడివేసి కంటికి అద్దారు. అది ఒత్తిడి ఇవ్వదు, అటూ ఇటూ జారుతుంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. ఆ కన్ను మూసుకుపోతే ఆ పక్క నుంచి వచ్చే కుడి చేయి కనపడదు. పదో రౌండ్‌లో పడిపోయాడు.

ఆ ఫైట్‌లో టైసన్ పర్సు 6 మిలియన్లు, డగ్లస్‌ది 1.3. అదే డగ్లస్ ఎనిమిది నెలల తర్వాత హోలీఫీల్డ్‌తో ఆడినందుకు 24 మిలియన్లు. 246 పౌండ్లతో వచ్చి మూడో రౌండ్‌లో పోయాడు. మంచి కార్నర్, కొన్ని డాలర్లు చేసే ఒక లోహపు బిళ్ల ఉంటే ఆ 24 మిలియన్లు ఎవరివి అయ్యేవో నేను చెప్పక్కర్లేదు.

పద్దుపుస్తకం

పై సమాధానానికి ఒక్క చేర్పు. 1992 నుంచి 1995 మార్చి 25 దాకా అత్యాచారం కేసులో ఇండియానా జైలు. మూడేళ్లు. మామూలుగా హెవీవెయిట్‌కు బాగా సంపాదించే 25 నుంచి 28 ఏళ్ల వయసు అది. బయటికి రాగానే 89 సెకన్ల మెక్‌నీలీ ఫైట్‌కు 25 మిలియన్లు అన్నారు. మూడేళ్ల బాకీలు ఉన్న మనిషి మొదటి కాంట్రాక్టులో బేరం ఆడే స్థితిలో ఉంటాడా?

సెకండ్స్_అవుట్

మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు, నేను రాస్తా.

చట్టంలో మార్పు వచ్చింది. 2000 మే 26న అమల్లోకి వచ్చిన మహమ్మద్ అలీ బాక్సింగ్ సంస్కరణ చట్టం. అందులో మనకు కావాల్సినవి మూడు. ప్రమోటర్‌కు మేనేజర్ వ్యాపారంలో, మేనేజర్‌కు ప్రమోటర్ వ్యాపారంలో ఆర్థిక వాటా ఉండకూడదు, 10 రౌండ్ల లోపు ఫైట్లకు ఇది వర్తించదు. రెండు, ప్రమోటర్ ఆ ఫైట్ నుంచి తనకు వచ్చే మొత్తాన్నీ, బాక్సర్ పర్సులోంచి కోసే ప్రతి దాన్నీ బాక్సర్‌కు చూపించాలి. మూడు, ఒక ఫైట్ ఇస్తానని ఆశ చూపి తర్వాతి ఫైట్ల హక్కులు లాక్కునే బలవంతపు ఆప్షన్లకు 12 నెలల పరిమితి. చట్టం మంచిదే. అమలు మాత్రం ఎక్కువగా బాక్సర్ తనే కోర్టుకు వెళ్తేనే. తర్వాతి ఫైట్ ఇవ్వాల్సినవాడి మీద దావా వేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

పర్సు ఎలా తేలుతుందో ఒక నిజమైన ఉదాహరణ. టైసన్ ఫ్యూరీ (మైక్ టైసన్ కాదు, బ్రిటన్ హెవీవెయిట్), డిలియన్ వైట్ మధ్య డబ్ల్యుబీసీ (బెల్టు ఇచ్చే సంస్థల్లో ఒకటి) టైటిల్ ఫైట్‌కు బేరం కుదరలేదు. అలాంటప్పుడు పర్సు బిడ్: ప్రమోటర్లు సీల్డ్ కవర్లు ఇస్తారు, ఎక్కువ వేసినవాడికి ఫైట్. 2022 జనవరిలో ఫ్రాంక్ వారెన్ 4,10,25,000 డాలర్లు వేశాడు, ఎడ్డీ హర్న్ 3,22,22,222. వారెన్ గెలిచాడు. ముందు 10% గెలిచినవాడి బోనస్ కింద పక్కన పెడతారు, 41,02,500. మిగిలిన 3,69,22,500లో చాంపియన్‌కు 80%, చాలెంజర్‌కు 20%. ఫ్యూరీకి 2,95,38,000, వైట్‌కు 73,84,500. ఏప్రిల్ 23న వెంబ్లీలో ఆరో రౌండ్‌లో ఫ్యూరీ గెలిచాడు కాబట్టి బోనస్ కూడా అతనికే, మొత్తం 3,36,40,500. ఇదీ గ్రాసే. పైన చెప్పిన మేనేజర్, ట్రైనర్, పన్ను వరస మళ్లీ ఇక్కడ మొదలవుతుంది. పర్సు బిడ్‌లో ఇంకో సంగతి, పే-పర్-వ్యూ ఎంత బాగా అమ్ముడైనా బాక్సర్‌కు అదనంగా రాదు, బిడ్ వేసినవాడిదే లాభమూ నష్టమూ.

పే-పర్-వ్యూ వాటా ఉన్న కాంట్రాక్టులో చూడాల్సింది అది ఏ అంకె మీద అన్నది. 1997లో చెవి కొరికిన ఫైట్ 19.9 లక్షల ఇళ్లకు అమ్ముడైంది, ఒక్కోటి 49.95 డాలర్లు, అంటే దాదాపు 100 మిలియన్లు. అందులో సగం దాకా కేబుల్ కంపెనీలే ఉంచుకుంటాయి, చానెల్ తన వాటా తీస్తుంది, మిగిలింది ప్రమోటర్‌కు. "పే-పర్-వ్యూలో 50%" అని రాసుకుంటే 100లో సగమా, ప్రమోటర్‌కు చేరిన 45లో సగమా, ప్రకటన ఖర్చులు పోయాక మిగిలిన దాంట్లో సగమా? కాంట్రాక్టులో నికరం అన్న మాటకు పక్కనే నిర్వచనం లేకపోతే ఆ వాటా కాగితానికే.

డబ్బు నిలబెట్టుకున్న హెవీవెయిట్లు లేరా అంటే ఉన్నారు. లారీ హోమ్స్ పెన్సిల్వేనియాలో తన ఊరు ఈస్టన్‌లో భవనాలు కొని అద్దెలకిచ్చాడు. జార్జ్ ఫోర్‌మన్‌కు 1999లో సాల్టన్ కంపెనీ గ్రిల్ మీద పేరు వాడుకునే హక్కుకు 137.5 మిలియన్ల ఒప్పందం ఇచ్చింది, నగదు, షేర్లు కలిపి, భాగస్వాములతో పంచుకున్నాడు. అందులో శాంక్షన్ ఫీజు లేదు, కట్‌మన్ లేడు, కన్ను వాయలేదు.

కార్నర్‌స్టూల్

చివరిగా ఒకటి. కింగ్ మీద వేసిన దావా ఏమైంది?

పదో_రౌండ్

100 మిలియన్లు అడిగాడు. 2004లో 14 మిలియన్లకు రాజీ అయింది. అప్పటికి చాప్టర్ 11 దివాలా కేసు నడుస్తోంది కాబట్టి ఆ డబ్బు మీద మొదటి హక్కు అప్పులవాళ్లది, అందులో ముందు వరసలో ఐఆర్ఎస్. ఆ జూలైలోనే లూయిస్‌విల్‌లో డానీ విలియమ్స్ చేతిలో, 2005 జూన్ 11న వాషింగ్టన్‌లో కెవిన్ మెక్‌బ్రైడ్ చేతిలో ఓడిపోయాడు. తర్వాత అధికారికంగా లెక్కలోకి వచ్చిన ఫైట్ ఒక్కటే: 2024 నవంబరు 15, టెక్సస్‌లో జేక్ పాల్‌తో, 58 ఏళ్ల వయసులో, రెండేసి నిమిషాల 8 రౌండ్లు, 14 ఔన్సుల గ్లవ్స్. పాయింట్లతో ఓడాడు. 20 మిలియన్లని పత్రికలు రాశాయి. టెక్సస్‌లో కూడా రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఫెడరల్ పై శ్లాబు ఇప్పుడు 37%. మిగతా శాతాలు మీరే వేసుకోండి.